తువ్వాలు పరిచిన చోటు

సూరత్‌లో ఊరెళ్ళే రైలెక్కగానే బైరాగి తన పక్క చోటులో తువ్వాలు పరిచాడు. మగ్గాల పనికి అక్కడికి వలసొచ్చే ఒడిశా గంజాం జిల్లా వాళ్ళు తువ్వాలు పరిచిన చోటును ముట్టుకోరు. ఏటా తమ్ముడు టుకునా కోసం పరిచేవాడు. ఈసారి కూడా చెయ్యి అలవాటుగా పరిచేసింది. టుకునా మాత్రం బైరాగి ఒళ్ళో, మట్టికుండలో ఉన్నాడు. మగ్గం దగ్గర కరెంటు కొట్టి చచ్చిపోయాడు. యజమాని బూడిద చేతికిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఊళ్ళో తల్లికి ఈ సంగతి ఇంకా తెలియదు.

రైలంటే టుకునాకు పండగ. మరమరాలు, పేకాట, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో వేళాకోళాలు. పేదోళ్ళ పెట్టె కదా, ఈ రాత్రీ జనాన్ని గొడ్లలా కుక్కారు. మరుగుదొడ్డిలోనూ మనుషులే. అయినా తువ్వాలు మీద ఎవరూ కూర్చోలేదు.

రాయ్‌పూర్‌లో ఎక్కిన ముసలమ్మ జనం కాళ్ళ మధ్య నలిగిపోతుంటే బైరాగికి మనసొప్పలేదు.

“ఇక్కడ కూర్చో పిన్నీ, ఖాళీయే.”

“వేళాకోళమా బాబూ? పిల్లాడి ఒళ్ళో కూర్చోనా?”

ఆమె నవ్వలేదు.

రైలు ఎక్కడో చీకట్లో ఆగింది. చక్రాల మోత పోయాక పెట్టెలో ఊపిరుల చప్పుడే మిగిలింది.

“వాడికి జవాబు చెప్పవేం?” అంది ముసలమ్మ. “ఇందాకటి నుంచీ నీ చెవిలో అడుగుతూనే ఉన్నాడు. నువ్వేమో బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావు.”

“ఏమడుగుతున్నాడు?”

“అమ్మకి చెప్పావా అని.”

బైరాగి పక్కకు తిరగలేదు. అతని భుజం మీద ఒక తల మెల్లగా వాలింది. కుండను రెండు చేతులా పొదువుకుని, “ఇంకా లేదురా” అన్నాడు.