ఇసుక సంచి

షెడ్డు పైకప్పు దూలానికి మా ఆయన కప్పీలు బిగించాడు. మా చిన్న పడవను తాళ్లతో పైకి లాగి అక్కడే వేలాడదీస్తాడట. నేను కుర్చీలో కూర్చుని మరలు అందిస్తున్నాను. మోకాళ్ల నొప్పులని చెప్పి, నిలబడి చేసే పనులన్నీ నెలన్నరగా తప్పించుకుంటున్నాను.

పడవ కింద వేసే పట్టీలకు పాత దుప్పటి కోసి మెత్తగా కుట్టాడు.

"పసిపిల్లలకి కూడా ఇంత మెత్తటి ఉయ్యాల కట్టరండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. సంచిలో ఇసుక పోసి కాటా మీద పెట్టాడు. చాలలేదని ఇంకో గుప్పెడు పోశాడు. ముల్లు యాభై నాలుగు దగ్గర ఆగింది. సంచిని పట్టీల్లో పెట్టి తాడు లాగాడు. అది కుదుపు లేకుండా, ఒక పక్కకి ఒరగకుండా లేచింది. దించి, మళ్లీ లేపాడు.

"పడవ ఇరవై కిలోలేగా! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం దేనికి?"

ఆయన తాడు ముడి వేస్తూ గోడవైపు తిరిగాడు.

"పడగ్గది దూలం కూడా గట్టిదే. రెండో జత కప్పీలు తెచ్చాను. నీ మంచం పైన బిగిస్తాను."

నా బట్టల అడుగున దాచిన ఆసుపత్రి కాగితం గుర్తొచ్చింది. ఏడాదిలోపు కాళ్లూ చేతులూ పడిపోతాయనీ, మందు లేదనీ అందులో రాశారు. నా బరువు కూడా రాశారు. యాభై నాలుగు.

సంచి గాలిలో కదలకుండా నిలబడి ఉంది.

"నాలుగు కిలోల ఇసుక తీసెయ్యండి," అన్నాను. "అది పాత కాగితం."