టీవీ మేడం

“అర్థమైందా?” అని హైదరాబాదు నుంచి టీవీలో పాఠం చెప్తున్న మేడం అడిగి, ఒక క్షణం ఆగారు.

“అయింది మేడం,” అని మా హిందూపురం కాలేజీ పిల్లలు ఎప్పటిలాగే టీవీకి జవాబు చెప్పారు.

షంషాద్ మాత్రం లేచి నిలబడింది. “నాకు కాలేదు మేడం.”

“చాలా సంతోషం,” అని నవ్వి టీవీలో మేడం తర్వాతి లెక్కకు వెళ్లిపోయారు. క్లాసంతా గొల్లుమంది.

“ఇంకా గట్టిగా చెప్పు షంషాదూ, హైదరాబాదు శానా దూరముండాది,” అన్నాడు వెనక బెంచీలో నాగేంద్ర.

నేను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. “ఆమెకు మన మాట వినపడదమ్మా.”

“తెలుసు మేడం. మీకు వినపడాలనే చెప్తి.”

స్టాటిస్టిక్స్ లెక్చరర్ పోస్టు రెండేళ్లుగా ఖాళీ. తెలుగు చెప్పే నేను హాజరు వేసి, టీవీ పెట్టి, పిల్లలతో పాటు కూర్చుంటాను.

“పోయినేడు ఈ పేపరే పోయింది మేడం. ఈసారీ పోతే చదువు మానుకోమన్నాడు మా నాయన. సోమవారమే పరీక్ష. ఈ ఒక్క లెక్క చెప్పండి.”

నోటుబుక్కు నా చేతికిచ్చింది. రెండు పేజీల నిండా అంకెలు, వాటి మీద కొట్టివేతలు.

“నాకు రాదమ్మా. నేను చదివింది తెలుగే.”

షంషాద్ నోటుబుక్కు వెనక్కి తీసుకోలేదు.

“మరి ఆయమ్మ చెప్తాంటే మీరు దినమూ తల ఊపుతాంటిరి కదా మేడం. అది చూసే, నాకొక్కదానికే అర్థం కాలేదనుకొని, ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదు.”