మొదటి వరుస

"నేనే చెరిపేసి ఉంటాను సిన్నోవా. ఇంకెవరు?" అన్నాడు ఓడ్‌వర్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

ఆ ఉదయం కొండమీది మంచు జారి ఫియోర్డు అనే సముద్రపు పాయ పక్క రోడ్డును కప్పేసింది. ముందే మోగాల్సిన సైరన్ మోగలేదు. మంచు తోసే బండి నడిపే హాల్‌వర్ ఆ మంచు కిందే ఉండిపోయాడు. సైరన్ మోగించే స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశాల ఫైలు, ఓడ్‌వర్ రాసిందే. దాన్ని నడపబోయిన ప్రతిసారీ కంప్యూటరు ఒకే మాట రాసిపెట్టింది: అటువంటి ఫైలు లేదు.

శుక్రవారం పాత నకళ్లు తీసేస్తూ అసలుదాన్నీ తీసేసి ఉంటానని ఓడ్‌వర్ అప్పటికే ఆఫీసరు టోర్‌లైఫ్‌తో చెప్పేశాడు. ఒకసారి చూసుకోకుండా ఎందుకు ఒప్పుకున్నావని, అతనితో కలిసి పనిచేసే సిన్నోవ కోప్పడింది.

"చూసేదేముంది? కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషిని. ఆ పార ఇటియ్యి."

పార భుజాన వేసుకుని, మంచు తవ్వుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

సిన్నోవ కంప్యూటరు ముందు కూర్చుంది. స్క్రిప్టు ఉంది. ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు. నడిపి చూసింది. అటువంటి ఫైలు లేదు, అంది కంప్యూటరు.

అప్పుడు మొదటి వరుస చూసింది. స్క్రిప్టు తనంతట తాను నడవదు. దాన్ని చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్, ఒక రకం దుబాసీ, ఎక్కడుంటుందో ఆ వరుసలో రాసి ఉంటుంది. కంప్యూటరు నేరుగా ఆ చిరునామాకే వెళ్తుంది. అక్కడ దుబాసీ కనబడకపోతే లేదంటుంది గానీ, లేనిది స్క్రిప్టో దుబాసీయో విడమరిచి చెప్పదు.

ఆ చిరునామా ఖాళీగా ఉంది. కొత్త దుబాసీని వేరే చోట పెట్టి, పాతది ఇంకెవరికీ అక్కర్లేదనుకుని గురువారం తీసేసింది సిన్నోవే.

ఫోను మోగింది. టోర్‌లైఫ్. హాల్‌వర్ దొరికాడట. ప్రాణం లేదట. వాళ్లమ్మ అక్కడే నిలబడి ఉందట. ఓడ్‌వర్ మంచులో కూలబడి నేనే, నేనే అంటున్నాడట. జిల్లా అధికారులు కంప్యూటరు చూడటానికి బయల్దేరారట.

"వాళ్లొచ్చేలోగా నాకు నిజం తెలియాలి," అన్నాడు టోర్‌లైఫ్. "ముసలాయన మాట పట్టుకుని ఆయన్ని బలిపెట్టలేను. నువ్వు చూశావుగా, ఆ స్క్రిప్టు ఉందా, లేదా?"

"ఒక్క నిమిషం," అంది సిన్నోవ.

స్క్రిప్టును చెరిపేసి, "లేదు," అంది.