సింగపూర్‌లో మాతృభక్తి

“జరగండప్పా, జరగండి! చక్రాల కుర్చీ వస్తాంది!”

రాఘవేంద్రప్రసాద్ అచ్చ తెలుగులోనే అరిచాడు. సింగపూర్‌లో ఎవరికి ఏం అర్థమైందో గానీ, రెండు వందల మంది నిలబడ్డ క్యూ పక్కకు జరిగింది.

కుర్చీలో ఇందిరమ్మ ఉంది. డెబ్బై రెండేళ్లు. ఆమె మోకాళ్లు పదేళ్ల కిందటే చేతులెత్తేశాయి. కుర్చీ వెనక రాఘవేంద్రప్రసాద్, అతని భార్య మాధురి, తమ్ముడి కుటుంబం, బావమరిది కుటుంబం, పిల్లలు. మొత్తం పదిమంది. ప్రొద్దుటూరులో బట్టల కొట్టుకు ఐదు రోజులు తాళం వేసి వచ్చిన బలగం.

వినోదాల పార్కు గేటు దగ్గర యూనిఫారం అమ్మాయి ఆ గుంపును చూసి నోరు తెరిచింది. “ఒక్క కుర్చీకి ఇంతమంది తోడా?”

“జాయింట్ ఫ్యామిలీ మేడమ్. మదర్ పక్కన లేకుంటే మాకు ముద్ద దిగదు,” అని రాఘవేంద్రప్రసాద్ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. అంతటితో ఆగాడా? మోకాళ్ల మీద కూర్చుని ఇందిరమ్మ కొంగు సర్దాడు. నీళ్ల సీసా నోటికి అందించాడు. “అవ్వా, అవ్వా” అంటూ పిల్లలు చుట్టూ మూగారు. ఈ పాఠం వాళ్లకు విమానంలోనే నేర్పించారు.

ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయి. పక్క గేటు తీసి పదిమందినీ పంపేసింది.

లోపల తలకిందులుగా తిరిగే రైలు. దానిమీదికి కుర్చీ ఎక్కదు. ఇందిరమ్మను గోడవారగా నిలిపి, ఒళ్లో బ్యాగులూ, చిరుతిండికి తెచ్చిన నిప్పట్ల డబ్బా, పిల్లల టోపీలూ కుప్పపోసి అందరూ ఎక్కేశారు. ముద్ద సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇందిరమ్మకు రైలు మీద ఆశ లేదు లెండి. ఆమెది ఒకటే కోరిక. పుట్టి బుద్ధెరిగాక పెన్నా తప్ప వేరే నీళ్లు చూసింది లేదు. ఆ పెన్నాలోనూ ఏడాదిలో సగం రోజులు ఇసుకే. చచ్చేలోగా ఒక్కసారి సముద్రంలో పాదాలు తడుపుకోవాలి. ఆ మాట ఇచ్చే రాఘవేంద్రప్రసాద్ ఆమెను విమానం ఎక్కించాడు. పాస్‌పోర్టు, డాక్టరు సర్టిఫికెట్టు అన్నీ తనే తిరిగి తీయించాడు. ఈ కాలంలో ముసలివాళ్లను ఇంతగా ఎవరు చూస్తారని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

“సముద్రం ఎప్పుడు నాయనా?” అని ఆమె నాలుగు రోజులుగా అడుగుతోంది.

“చివరి రోజు సాయంత్రం. ఖాయం.”

ఈ రోజే చివరి రోజు. కానీ మాధురి చేతిలో ఒక జాబితా ఉంది. జమ్మలమడుగులో ఉండే ఆమె అక్క పోయినేడు ఇక్కడికి వచ్చి ఒకే రోజులో నాలుగు చోట్లు చూసింది. చూసినది ఒక రోజు, చెప్పుకున్నది ఏడాది. మాధురి ఆరు రాసుకొచ్చింది.

“ముసలామెను ముందు తోయండి. ఇంగా ముగ్గురు కుర్చీలోళ్లు వస్తాండారు,” అని ఆమె ప్రతిచోటా మొగుణ్ని తరిమింది.

నాలుగో క్యూలో ఇందిరమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. పదిమంది గుండెలూ ఒక్కసారి ఆగాయి.

“లెయ్యొద్దు! లెయ్యొద్దు! చూస్తే మళ్లా వెనక్కి పొమ్మంటారు.”

“కాళ్లు తిమ్మిరెక్కినాయి నాయనా.”

“ఇంగ రెండు క్యూలే. ఓర్చుకో.”

ఓర్చుకుంది. ఆ ఓర్పును రాఘవేంద్రప్రసాద్ ఫొటో తీసి, ‘పెద్దల సేవే దైవసేవ’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. గంటలో నూటముప్పై దండాలు వచ్చాయి.

ఆరూ పూర్తయ్యేసరికి బీచికి మిగిలింది అరగంట. బీచిలో క్యూ లేదు. టికెట్టు లేదు, గేటు లేదు. కాబట్టి ఇందిరమ్మతో పనీ లేదు.

“ఇసకలో చక్రాలు దిగబడతాయి. ఈడనే ఉండు, ఐదు నిమిషాల్లో వస్తాం,” అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

“ఇద్దరు చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు ఏస్తా నాయనా. దీనికోసమే గదా వచ్చింది!”

“పడితే నా మీదికొస్తాది. వద్దు.”

పదిమందిలో ఇద్దరు దొరకలేదు. అందరూ కేకలు వేసుకుంటూ నీళ్లలోకి పరిగెత్తారు.

ఇందిరమ్మ రోడ్డు పక్కన మిగిలింది. ఎదురుగా టూరిస్టు బస్సు. అది కదిలితే జానెడు నీలం కనిపించేది, అంతలోనే ఇంకో బస్సు వచ్చి నిలబడేది. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “నా బతుకు తెల్లారినట్టే ఉంది,” అని పైకే అనేసింది.

ఉప్పునీళ్లు తగులుతాయని ఆమె ఒళ్లో పడేసి పోయిన రాఘవేంద్రప్రసాద్ ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద ప్రొద్దుటూరులో ఇందిరమ్మ పక్కింటి గౌరమ్మ.

“అక్కా, సముద్రంలో దిగినావా? నాకూ చూపియ్యి!”

ఇందిరమ్మ ఫోన్ తిప్పింది.

“ఇదేందక్కా, బస్సు కనపడతాంది?”

“నాకు బస్సే రాసిపెట్టింది గౌరీ. వాళ్లు ఆడ నీళ్లల్లో ఎగురుతాండారు. నేను బ్యాగులకు కాపలా ఉండా. నువ్వన్నా వచ్చింటే, నీ చెయ్యి పట్టుకోని పోయిండేదాన్ని.”

“నెల దినాలు బతిమాలితినక్కా, మోకాళ్లు బాగుండేదాన్ని తీసుకపోతే అందరూ క్యూలో నిలబడాల్సొస్తాదంట,” అంది రాఘవేంద్రప్రసాద్ కన్నతల్లి.