ఇరవై మీద ఇంకో ముక్క

“చీటీలు వద్దబ్బీ. పేకముక్కలు తియ్యి” అన్నాడు మస్తాన్ వలీ.

రాజేశం చేతిలోని రెండు కాగితపు మడతలు అలాగే నిలిచిపోయాయి. సౌదీలోని అల్ ఖర్జ్ పాడిపరిశ్రమలో, పాలు పితికే షెడ్డులో, మూడేళ్ళుగా వారిద్దరూ పక్కపక్కనే పని చేస్తున్నారు. ఒకే గదిలో నిద్రిస్తున్నారు. అయిదు పూటలా నమాజు తప్పనివాడు మస్తాన్ వలీ. ఎవరి చేతిలోనైనా పేక కనిపిస్తే ముఖం తిప్పుకొని వెళ్ళిపోయేవాడు.

“నువ్వు పేకాడుతవా అన్నా? హరామంటివి గదా.”

“దుడ్డు పెట్టి ఆడితే గదా ఆ మాట. యిక్కడ దుడ్డు యాడుండాది?”

ధనం లేదు గాని, పణం దానికంటె పెద్దది. ముదీరు, అంటే అక్కడి మేనేజరు, ఆ షెడ్డునుండి ఒక్కరికే సెలవు మంజూరు చేశాడు. విమానం ఆ రాత్రికే. సాయంత్రపు పాలవేళకు గంట మోగేలోగా ఒక పేరు చెప్పాలి. తాను ఈ దేశం వచ్చాక పుట్టిన కూతురు మాబున్నీని మస్తాన్ వలీ నేటివరకు ఎత్తుకొని ఎరుగడు. రాజేశమో, పెళ్ళయిన నెలకే భార్య సువర్ణను మెట్‌పల్లిలో విడిచి వచ్చినవాడు. పొద్దున “నీ బిడ్డను సూసిరా, నువ్వే పో” అని రాజేశం పట్టుబట్టాడు. మస్తాన్ వలీ ఒప్పుకోలేదు. కడకు చీటీలు వేద్దామనుకున్నారు.

“నేను ఖాట్మండుల, క్యాసినోల ముక్కలు పంచినోన్నన్నా. నాతోని ఆడితె నీకే నష్టం.”

“నేర్పు. నేర్చుకోనే ఆడతా.”

తలుపు దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్న వంటవాడు యిర్మీయా తల ఎత్తాడు. “వలీగారు పేకాడుతున్నారంటే, రేపు మన ఆవులు పెట్రోలు ఇస్తాయండి.”

రాజేశం పరుపు కిందినుండి పేక తీశాడు. పూర్వపు వృత్తి అలవాటు పోక, ముందుగా రెండు అరచేతులూ తిప్పి చూపించాడు.

“సూడన్నా. ఇరవై ఒకటికి దగ్గర వడాలె, దాటొద్దు. దాటితె పగిలినట్టు. రాజు, రాణి, జాకీ పదేసి. ఆసు ఒకటన్న అనుకో, పదకొండన్న అనుకో. చాలకుంటె ఇంకోటి అడుగు, చాలనుకుంటె చెయ్యి ఊపు. నాకు గా స్వతంత్రం లేదు. పదారు దాక తియ్యాలె, పదిహేడు వడితె ఆగాలె.”

“పంచేవాడికి తన యిష్టమనేది లేదా?”

“లేదు. బల్ల ఎట్ల జెప్తె అట్ల.”

“మంచి కట్టుబాటే” అని నిట్టూర్చాడు మస్తాన్ వలీ.

మూడాటలలో రెండు గెలిచినవాడు విమానమెక్కాలని నిర్ణయించుకున్నారు.

మొదటి ఆటలో మస్తాన్ వలీకి పది, తొమ్మిది వచ్చాయి. “ఇంకోటి” అన్నాడు. రాజేశం పకపకా నవ్వి వేశాడు. రెండు పడింది, సరిగా ఇరవై ఒకటి.

“కొత్తోనికి దేవుడు దోస్తంటరు, నిజమే” అన్నాడు రాజేశం. గెలిచినవాని ముఖం మాత్రం పాలిపోయింది.

రెండవ ఆటలో మస్తాన్ వలీ అడిగినకొద్దీ అడిగి పగిలిపోయాడు. చెరొకటి అయింది. యిర్మీయా కత్తి పక్కన పెట్టి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

మూడవ ఆట. మస్తాన్ వలీ ముందు ఇస్పేటు రాజు, ఆఠీను రాణి వెలిశాయి. రాజేశం ముందు తెరిచిన ముక్క ఆరు. దానిని చూడగానే అతని గొంతు తగ్గిపోయింది.

“ఇరవై అన్నా. ఇగ కదలకు. నా ఆరు మీద నేనే పగులుత. నీ బిడ్డను సూస్తవు, పో.”

“ఇంకోటి.”

“లెక్క మల్ల సూసుకో.”

“సూసినా. ఇంకోటి వెయ్యి.”

పడినది ఏడు. మస్తాన్ వలీ పగిలిపోయాడు.

“ఇది చెల్లదు. నీకు ఆట సమజు గాలే. మల్లొక్కటి ఆడుదం” అన్నాడు రాజేశం.

“ఆటంటే ఆటే. ముక్క పడినాక మాట తప్పుతావా?”

రాజేశం తల వంచుకున్నాడు. కన్నీళ్ళు వచ్చాయి, వాటి వెనుకనే, ఆపుకోలేని సంతోషమూ వచ్చింది. పరుగున పోయి ముదీరుకు పేరు చెప్పి వచ్చాడు. పెట్టెలో బట్టలు కుక్కాడు.

“ఇంటికి ఫోన్ చెయ్యనన్నా. సక్కగ పోయి వాకిట్ల నిలవడుత. సువర్ణ గుర్తువడుతదో లేదో. నీ మాబున్నీకి ఏం వంపుతవు?”

మస్తాన్ వలీ తన పెట్టెలోనుండి ఒక చిన్న గౌను తీసి ఇచ్చాడు. అది కూతురికి కొంచెం పెద్దదో, చిన్నదో, అతనికీ తెలియదు.

పికప్పు దుమ్ము రేపుతూ రియాదు రోడ్డెక్కింది. యిర్మీయా సాగనంపి గదికి తిరిగి వచ్చేసరికి మస్తాన్ వలీ ఇంకా చెదిరిన ముక్కల ముందే కూర్చుని ఉన్నాడు.

“ఇరవై మీద ముక్క అడిగేంత లెక్క రానివారు కాదండీ మీరు. ఓడిపోదామనే ఉంటే, ఆ సెలవేదో చేత్తో ఇచ్చేయొచ్చుగా?”

“పొద్దున అయితే యిచ్చేసుండచ్చు. యిప్పుడు ఊరికే యిస్తే వాడికి తెలిసిపోతాది. గదిలో వాళ్ళంతా పట్టుబట్టి ఒకణ్ణి యింటికి ఎప్పుడు పంపుతారో, యీ దేశంలో నీకు తెలీదా? ఆ విమానంలో అంతసేపు వాడు ఒక్కడే కూచోవాల.”

యిర్మీయా మెల్లగా గోడకు జారగిలబడ్డాడు. “ముదీరుతో చెప్పలేకపోయారా?”

“చెప్పినా. ఎవరికేమైనా ఒక్కడే అన్నాడు.”

“ఏమయిందండీ?”

మస్తాన్ వలీ పేకముక్కలన్నీ ఒకచోటికి చేర్చి బోర్లించాడు.

“మధ్యాన్నం సువర్ణ తమ్ముడు నాకు ఫోన్ చేసినాడు, పసుపు చేన్లో పాము కరిసిందంట, మొగుడొచ్చేదాకా ఆయమ్మిని ఐసు మీద పెట్టుకోని కూచోనుండారు.”