చిల్లు కాణీ

ప్రొద్దుటూరు నగల కొట్టులో శెట్టి ఆ రాగి నాణేన్ని భూతద్దం కింద పెట్టి తిప్పి చూశాడు. ఇలాంటివి పట్టుకుని వారానికి పదిమందైనా వస్తారు.

"ఇది నలభై నాలుగు నాటి చిల్లు కాణీ, తల్లీ. శానా దొరుకుతాయి. దీనిమీద అక్షరాలు గూడా అరిగిపోయినాయి. ఇరవై రూపాయలొస్తే ఎక్కువ."

దిల్షాద్‌బీ నిరాశపడలేదు.

"ఆ మాటే మా తమ్మునికి చెప్పప్పా. మాయమ్మ పోయినాక పెట్టెలో దొరికింది. లక్షలొస్తాయని వాడు ఫోన్లో చూసినాడు. నేను కాజేసినానని మొన్న వాని బిడ్డ నిఖాకు గూడా పిలవల్యా."

ఆమె ఫోను కలిపి స్పీకరు పెట్టింది. శెట్టి మళ్లీ మొదట్నుంచీ అంతా ఓపిగ్గా చెప్పాడు.

తర్వాత తమ్ముడి గొంతు వినిపించింది.

"అసలుది యాడ దాచిపెట్టినావక్కా?"