చేపల తొట్టెకి లైటు

హాల్లో చేపల తొట్టె నీళ్లు ఆకు పసరులా పచ్చబడిపోయాయి.

లోపల చేపలున్నాయో లేవో కూడా తెలియడం లేదు. ఎప్పుడైనా ఒక నారింజ రంగు మెరుపు అద్దం దాకా వచ్చి, మళ్లీ ఆ పచ్చదనంలోకి మాయమవుతోంది.

ఆమెకి విసుగొచ్చింది. ఆ తొట్టె ఆమె కొన్నది కాదు. ఈ ఇంట్లో అద్దెకి దిగేసరికే ఉంది. ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లారని, చూడ్డానికి బాగుంటుంది ఉంచుకోమని ఓనరమ్మ చెప్పింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎదురుగా కనిపిస్తుంది కదా అని ఆమె కూడా సరేనంది.

ఇప్పుడు నీళ్లు మార్చి మార్చి చేతులు పడిపోతున్నాయి.

చేపల షాపుకి ఫోన్ చేస్తే యూవీ లైటు పెట్టించమన్నారు. చిన్న ఎల్‌ఈడీ లైటేనట. నీళ్లలో నాచునీ, క్రిములనీ చంపేస్తుందట. ప్రస్తుతం స్టాకు లేదు, రాగానే మనిషిని పంపుతామన్నారు.

ఎండ తగిలి నాచు పట్టిందని చెప్పిందీ వాళ్లే. మరి వెలుతురుతో పట్టిన నాచు వెలుతురుతోనే ఎలా పోతుందో ఆమెకి అంతు చిక్కలేదు.

"ఇది నా వల్ల కాదండీ. ఎవరికైనా ఇచ్చేయండి," అని ఓనరమ్మకి చెప్పేసింది.

ఆ మర్నాడే ఎవరో తలుపు తట్టారు. నలిగిన చొక్కా, చేతిలో సంచి.

"లైటు తెచ్చానమ్మా," అన్నాడు.

స్టాకు అప్పుడే వచ్చేసిందా అనుకుంటూ లోపలికి రమ్మంది.

అతనికి ఆ పని అలవాటున్నట్టు లేదు. డబ్బాలోని కాగితం మళ్లీ మళ్లీ చదివాడు. బిగించింది ఊడదీసి, తిరగేసి బిగించాడు. చివరికి తొట్టెలోని చిన్న పంపు తోడిన నీళ్లు ఒక నల్లటి గొట్టంలోంచి మెల్లగా పోయేలా అమర్చాడు. లైటు ఆ గొట్టం లోపలే ఉంటుందట. దాని ముందు నుంచి పోయే నాచు మాత్రమే చస్తుందని, చేపలకి ఆ వెలుతురు తగలదని, గొట్టం విప్పి కంటితో చూడొద్దని చెప్పాడు.

"తేటపడటానికి కొన్నాళ్లు పడుతుంది. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండమ్మా."

ఇచ్చేయాలనుకున్న సంగతి ఇతనికెవరు చెప్పారు? ఆమె అడిగేలోపే, డబ్బుల మాటైనా ఎత్తకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు, లైటు పని చేస్తోందో లేదో చూసి పోదామని. ఆ మర్నాడూ వచ్చాడు. తొట్టె ముందు గొంతుక్కూర్చుని ఆ పచ్చనీళ్లలోకి చూస్తూ ఉండిపోయేవాడు. అన్నీ తింటున్నాయా అని అడిగేవాడు. తోక చిరిగినది బాగానే తిరుగుతోందా అని ఒకసారి అడిగాడు.

అలాంటి చేప ఒకటుందని ఆమెకే తెలియదు.

ఇంట్లో మగమనిషి లేనప్పుడు అతనలా వచ్చి కూర్చుంటే ఆమె చేతిలో కుట్టు వంకర్లు పోయేది. ఇక ఊరుకోలేక షాపుకి ఫోన్ చేసింది. మీ మనిషి రోజూ రానక్కర్లేదని చెప్పింది.

"మేమింకా ఎవర్నీ పంపలేదండీ. లైట్లే రాలేదు," అన్నారు.

ఆమె గబగబా బీరువా తెరిచి చూసుకుంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగైతే ఉన్నది పట్టుకుపోవాలి గానీ, లేనిది తెచ్చి పెట్టిపోవడమేమిటి?

సాయంత్రం భర్త కూడా విని బుర్ర గోక్కున్నాడు. ఎవడైనా సరే, తలుపు మాత్రం తీయొద్దన్నాడు.

మర్నాడు అతను వచ్చేసరికి ఆమె కిటికీలోంచే పలకరించింది.

"మీరు షాపు మనిషి కాదటగా. ఎవరండీ మీరు?"

అతను కిటికీలోంచి తొట్టె వైపు చూడబోయాడు.

"నీళ్లు తేటపడ్డాయామ్మా?"

"పడ్డాయి. ఇంక రాకండి."

"ఒక్కసారి చూసి వెళ్తాను."

"కుదరదు."

అతను సరేనన్నట్టు తలూపి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె గడియ మరోసారి సరిచూసుకుంది.

నీళ్లు తేటపడ్డ మాట నిజమే. తొట్టె వెనక గోడ మీద ఊడిన సున్నం పెచ్చు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

రెండు రోజుల తర్వాత ఓనరమ్మ వచ్చింది. ఆ మనిషి సంగతి చెబుదామని ఆమె నోరు తెరిచేలోపే, ఓనరమ్మ తొట్టె చూసి సంబరపడిపోయింది. మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నాయన ఎంత బాగా చేశాడో అంది. మీరు ఇచ్చేస్తానన్నారని నేనే ఆయనకి చెప్పానంది.

ఆమె కళ్లు తొట్టెకున్న నల్లటి గొట్టం మీదికి పోయాయి.

ఓనరమ్మ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. ఆయన కూతురికి నెత్తుటి జబ్బట. ఏ క్రిమీ సోకకూడదు, ఇంట్లో చేపల తొట్టె ఉండనే కూడదన్నారట డాక్టర్లు. అందుకే వదిలేసి పోవాల్సి వచ్చింది. ఆసుపత్రి మంచం మీదున్న ఆ పిల్లకి ఎప్పుడూ చేపల ధ్యాసేనట.

"మొన్న సాయంత్రం పాపని చూద్దామని వెళ్లాను. 'ఈ రోజు కూడా ఆ అమ్మ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది తల్లీ, నీ చేపల్ని తనివితీరా చూసొచ్చాను, ఆవిడ వాటిని సొంత బిడ్డల్లా చూసుకుంటోంది' అని ఆ తండ్రి చెప్తుంటే, నిజంగా మీ మీద నాకెంత గౌరవం కలిగిందో!"